జానెడు ఖాళీ

తమ్ముడు ఈబెన్ మొహం మీదికి గ్రిజెల్ తడిగుడ్డ విసిరి కొట్టింది. మామూలు గుడ్డ కూడా కాదు, నార్త్ కెర్స్ స్టేషన్లో మొదటి తరగతి వాళ్లు కూర్చునే గది నేల తుడిచిన గుడ్డ. బొగ్గుమసి, బూట్ల బురద, ఎవడో దొర ఉమ్మిన పొగాకు, అన్నీ ఉన్నాయి అందులో. అది వాడి చెంపకు చెళ్లున అతుక్కుని, నెమ్మదిగా జారి కాలరు మీద కూర్చుంది.

"ఎందుకే అక్కా కొడతావు? ఇప్పుడేగా పనిలోంచి వస్తున్నాను!"

"ఆ పనికే కొట్టాను. సున్నాలు చెరిపింది నువ్వేగా?"

"చెరపలేదే. రంగేశాను, అంతే."

"చెరపడానికీ రంగెయ్యడానికీ తేడా ఏంటో చెప్పరా, వింటాను. నాకేం తొందర లేదు, ఇంకో రెండు గదులే తుడవాలి."

ఈబెన్ కాలరు మీది గుడ్డ తీసి బకెట్లో వేశాడు. వంతెన మీద రంగులేసే ముప్పై మందికి వాడు మేస్త్రీ. ఆ సున్నాలు చుట్టింది వాడి బావ నినియన్, అంటే గ్రిజెల్ మొగుడు. రైలు కంపెనీలో ఒకడు చుట్టిన సున్నాను ఇంకొకడు ముట్టుకోడు. వంతెన పుట్టినప్పటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. అలాంటిది బావ చుట్టినవాటి మీద బావమరిదే కుంచె పెట్టాడు.

ఆ మొగుడూ పెళ్లాలను గురించీ ఆ సున్నాలను గురించీ కాస్త చెప్పుకోవాలి.

గ్రిజెల్ ఆ ఊళ్లోనే పుట్టింది, ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన. పన్నెండేళ్లకే హెర్రింగు చేపల కడుపులు చీరే పనికి పోయింది. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఉప్పు పుండ్లలోకి దిగి మండుతుంటే ఏడవకుండా, తిట్టుకుంటూ పనిచేసేది. ఆ తిట్లు అప్పుడు అలవాటైనవే. ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు మొగకు అడ్డంగా వంతెన మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి మగాళ్లో వచ్చిపడ్డారు. వాళ్లలో ఒకడు నినియన్.

వంతెన కాళ్లూ చేతులూ పెద్ద పెద్ద ఉక్కు గొట్టాలు, లోపల రైలు నడపచ్చు, అంతటివి. రేకుకీ రేకుకీ చిల్లులు కలిపి ఎర్రగా కాల్చిన రివెట్టు, అంటే లావుపాటి ఇనప మేకు, దూరుస్తారు. బయట ఇద్దరు సమ్మెటలతో బాదుతుంటే, లోపల ఒకడు ఇనపదిమ్మ ఆనించి, భుజంతో అదిమిపట్టి నిలబడాలి. ఆ లోపలివాడు నినియన్. ఎనిమిదేళ్లు. గంట లోపల తల పెట్టి నిలబడి గంట కొట్టించుకోండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది. పెళ్లినాడు పాస్టరుగారి మాటలు సగం వినిపించాయట, మిగతా సగానికి ఊహించి తలూపాడు. వంతెన పూర్తయి మొదటి రైలు కూత పెట్టినప్పుడు ఊరంతా చెవులు మూసుకుంది. మూసుకోవాల్సిన అవసరం లేనివాడు అతనొక్కడే.

కంపెనీ అతనికి రివెట్లు పరీక్ష చేసే పని ఇచ్చింది. చెవిటివాడికి మోగించి చూసే పనేంటని నవ్వారు కొందరు. నవ్వినవాళ్లకు పని తెలీదు. రివెట్టు తలకు ఒక పక్క ఎడమచేతి వేళ్లు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో ఒక్కటి వెయ్యాలి. బిగువుగా ఉంటే వేళ్లకు ఏమీ తెలీదు. వదులైతే లోపల జిల్లుమని వణుకుతుంది. ఆ వణుకు చెవికి అందేలోపే అతని వేలికి అందేది. వదులైనదాని చుట్టూ తెల్లరంగుతో ఒక సున్నా. ఆ సున్నా చూసి రివెట్లవాళ్లు వచ్చి పాతది కోసి కొత్తది వేస్తారు. వేశాకే సున్నా పోవాలి.

ఆదివారం చర్చి అయ్యాక రేవు గోడ మీద కూర్చుని నినియన్ వంతెన వంక చూసేవాడు, చంటిపిల్లను చూసినట్టు.

"ఏముందయ్యా అందులో? తిని పారేసిన చేప ముల్లులా ఉంది" అనేది గ్రిజెల్, అతనికి పెదాలు కనబడేలా మొహం తిప్పి.

"చేప ముల్లులో ఒక్కటైనా అక్కర్లేనిది ఉందా?" అని గట్టిగా అరిచేవాడు. అతని గొంతు ఎంతుందో అతనికి తెలీదు, గోడ మీది పిట్టలన్నీ లేచిపోయేవి. "ఇందులో ఊరికే కూర్చున్న ముక్క ఒక్కటీ లేదే. ఆ కిందిది మోస్తోంది, ఈ పైది లాగుతోంది. ఏది మోస్తోందో ఏది లాగుతోందో దూరంనుంచే తెలిసిపోతుంది. దాపరికం లేదు. అదే అందం."

తర్వాత చేతులతో చూపించేవాడు. మూడు బురుజులు నీళ్లలో నిలబడి అటూ ఇటూ చేతులు చాచాయి. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య ఒక గర్డరు, పొడుగాటి ఉక్కు దూలం, వేలాడుతోంది. దానికి ఒక కొస కట్టేశారు, రెండో కొస జారేటట్టు వదిలేశారు. ఎందుకంటే ఎండకు ఉక్కు పెరుగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ జారే చోట జానెడు ఖాళీ. వంతెన ఊపిరి పీల్చే చోటది.

ఆ సంగతి గ్రిజెల్‌కు వేరే చెప్పక్కర్లేదు. చేపల పీపాలకు ఇనప పట్టాలు కాల్చి తొడిగేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూసింది. కాలిస్తే పట్టా పెద్దదవుతుంది, చల్లారితే పీపాను పట్టుకుంటుంది. అది తెలియడానికి బడికి పోనక్కర్లేదు.

బడికి పోయినవాడికే తెలియలేదు, అదీ ఖర్మ!

రాణిగారు గద్దెనెక్కి అరవయ్యేళ్లయిన పండగ వచ్చిన ఏడు, కంపెనీ లండన్ నుంచి కొత్త సూపరింటెండెంటును పంపింది. ప్రయర్ దొర. అంతకుముందు స్టేషన్ల చూరులకు ఇనప పూలు, ఇనప తీగలు పెట్టించి పేరు తెచ్చుకున్నాడు. వంతెన చూసి మొహం అదోలా పెట్టాడట. "బలం ఉంది, సొగసు లేదు" అన్నాడట. ముందటి శరదృతువులో పెద్ద డైరెక్టరు లాంగ్‌మ్యూర్ గారి భార్య వంతెన మీద నడుస్తుంటే, ఆవిడ గొడుగు మొన ఆ ఖాళీలో దిగబడి, గొడుగు గొడుగంతా సముద్రంలోకి జారిపోయింది. ఆ కథ ప్రయర్ చెవిన పడింది. మార్చి నెలలో, గడ్డకట్టే చలిలో, ఆ ఖాళీలో ఇనప దిమ్మలు కూరి, సిమెంటు పోసి, పైన చక్కగా ముళ్లపువ్వుల పలక ఒకటి బిగించాడు. ఆ పువ్వు మా దేశపు గుర్తు కదా, అందరూ మెచ్చుకోవాలని.

మార్చిలో! ఉక్కు ముడుచుకుపోయి, ఖాళీ ఏడాదిలోకెల్లా వెడల్పుగా ఉన్న నెలలో, దాని నోరు నిండా కుక్కాడు. మరి ఎండ వస్తే అది ఎటు పోవాలి?

మే నెలలో నినియన్ వేళ్ల కింద మొదటి రివెట్టు వణికింది. జూన్ సగానికి ఆ ఒక్క అతుకు దగ్గరే నలభై ఒక్క సున్నాలు. రివెట్లవాళ్లెవరూ రాలేదు. వాళ్లందర్నీ పండగ తోరణాలకు స్తంభాలు చెయ్యమని పంపేశాడు ప్రయర్. జూలైలో డైరెక్టర్లు పెళ్లాలతో సహా వంతెన చూడ్డానికి వస్తున్నారు. తెల్ల సున్నాలు మశూచి మచ్చల్లా ఉన్నాయి, రంగెయ్యండి అన్నాడు. ఈబెన్ వేశాడు.

నినియన్ మర్నాడు మళ్లీ చుట్టాడు. ఈబెన్ మళ్లీ వేశాడు. అప్పుడే వాడు తడిగుడ్డ దెబ్బ తిన్నది.

"నీ మరదలికీ పిల్లలకూ నేనేగా అక్కా దిక్కు? దొర వెయ్యమంటే వేస్తాను. బావకేం, చెవిటి మాలోకం, ఆయన లోకం ఆయనది."

"బావ లోకం నీ కుంచె కంటే నయం రా. రోజుకు ఎనభై రైళ్లు పోతున్నాయి దాని మీద. ఆ గర్డరు రెండు చేతులు పట్టుకుని వేలాడుతోంది. ఒక చెయ్యి జారిందనుకో, అందులో నీ పిల్లలుంటే అప్పుడూ ఇలాగే అంటావా, రంగేశాను అంతే అని?"

ఈబెన్ టోపీ నలుపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ వారమే ప్రయర్ నినియన్‌ను ఆఫీసుకు పిలిచాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెనక్కి వెళ్లి, చెక్క స్కేలు ఒకటి నేల మీద దబ్బున పడేశాడు. నినియన్ తిరగలేదు. ఎందుకు తిరుగుతాడు? "చెవులు లేనివాడు రివెట్టు మోగుతోందో లేదో చెప్పడమా?" అని గుమాస్తాలతో కలిసి నవ్వి, ఆ పనిలోంచి తీసేసి, షెడ్డులో రంగు డబ్బాలు కడిగే పనికి వేశాడు. అంటే ఈబెన్ చేతి కింద.

నినియన్ ఇంటికొచ్చి చెప్పాడు. ఓట్స్ జావ తాగుతూ చెప్పాడు, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా. గ్రిజెల్‌కు ఒళ్లు మండిపోయింది.

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"సరేనా! నీ చెవులు తిన్నదెవరయ్యా? ఆ వంతెన కాదూ? ఆ చెవులు లేవనేగా ఇప్పుడు గెంటారు? బల్ల గుద్దలేకపోయావా?"

"గుద్దితే నాకు వినపడదు కదే" అన్నాడు. నవ్వు రాలేదు ఇద్దరికీ. చెంచా పక్కన పెట్టి, తన ఎడమచేతి వేళ్లు చూసుకున్నాడు. "కోపం కాదే నాకు. భయం. ఎండ బాగా కాసిన రోజున ఏమవుతుందో."

మర్నాడు గ్రిజెల్ ప్రయర్ గది తుడవడానికి వెళ్లినప్పుడు అడిగేసింది. "దొరగారూ, ఆ పలక తీయించండి. ఇనుముకు ఊపిరాడ్డం లేదు."

ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా, "బకెట్టు తివాచీ మీద పెట్టకు" అన్నాడు.

అంతే. ఇరవయ్యేళ్లుగా ఊళ్లో ఒక్కరినీ వదలని నోరు, ఆ గదిలో మూతపడింది. మొదటిసారి. అందుకు ఆమెకు ప్రయర్ మీద కంటే తన మీద ఎక్కువ కోపం వచ్చింది.

డైరెక్టర్లు వచ్చిన శనివారం మహా ఎండ. మొగలో గాలి లేదు. పట్టాల మీద చెయ్యి పెడితే కాలుతోంది. దొరలు, దొరసానులు, లేసు గొడుగులు, నిమ్మరసం సీసాలు, అంతా కలిసి నడకదారి మీద వంతెన మధ్యకు బయల్దేరారు. వాళ్ల వెనకే గ్రిజెల్ బయల్దేరింది, చీపురుకర్ర భుజాన, బకెట్టు చేతిలో. ఆడవాళ్లకు వంతెన మీద పనిలేదు. అయినా ఒక్కడూ ఆపలేదు. బకెట్టు పట్టుకున్న ఆడదాన్ని ఎవరు చూస్తారు? ఎవరో ఏదో ఒలకబోశారు, తుడవడానికి వచ్చింది అనుకుంటారు. ఆ బకెట్లో గుడ్డ కింద మొగుడి సుత్తి ఉంది. అతనికి చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

పలక దగ్గర ప్రయర్ చెయ్యి చాచి చెబుతున్నాడు. "ఇక్కడ ఇంతకుముందు ఒక వికారమైన సందు ఉండేది. అమ్మగారి గొడుగు..." అందరూ నవ్వారు. లాంగ్‌మ్యూర్ దొరసాని కూడా నవ్వింది. పక్కన ఈబెన్, వాడి రంగులవాళ్లు కొత్త టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు.

గ్రిజెల్ బకెట్టు దించింది. ఈసారి పలక మీదే దించింది, ఠప్పున.

"ఆ సందు వికారం కాదు దొరగారూ. అది దాని ముక్కు. మీరు మూసేశారు."

ప్రయర్ మొహం ఎర్రబడింది. "ఎవరీమె? ఎవరు రానిచ్చారు?"

"నేల తుడిచేదాన్ని. నా మాట నమ్మకండి, మీ వేళ్లను నమ్మండి. ఇదిగో, ఈ రివెట్టు మీద ఇలా రెండు వేళ్లు పెట్టండి." సుత్తి తీసింది.

ప్రయర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక డైరెక్టరు గడియారం తీసి చూసుకున్నాడు. గ్రిజెల్ సుత్తి అలా పైకెత్తి పట్టుకునే ఉంది. పిలిచినా ఎవరూ వేలు పెట్టని ఆ క్షణం, స్కేలు కిందపడ్డప్పుడు మొగుడు ఎలా నిలబడ్డాడో ఆమెకు కళ్లకు కట్టింది.

"నేను పెడతాను" అంది లాంగ్‌మ్యూర్ దొరసాని. చేతి తొడుగు లాగేసింది. "నా గొడుగు మింగిన వంతెన కదా, నాకూ కాస్త చనువుంది."

"వేలి మొన గట్టిగా ఆనించండమ్మగారూ. వేలు సుత్తికి దూరంగా పెట్టండి."

గ్రిజెల్ కొట్టింది. ఆవిడ చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుని, మళ్లీ పెట్టింది. "మళ్లీ కొట్టు." కొట్టింది. "హ్యూ, ఇలా రండి. ఇది ఊడబోయే పన్నులా కదులుతోంది!"

ఆవిడ భర్త, ఆ పెద్దాయన, వంగాడు. వేలు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు రివెట్లు చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది. "ఇలాంటివి ఎన్ని?"

"లెక్క రాసినవాడికి తెలుసు" అంది గ్రిజెల్. "రాసింది కనపడకుండా చేసినవాడికీ తెలుసు." అని తమ్ముడి వంక చూసింది. అరవలేదు. తిట్టలేదు. ఈబెన్‌కు ఆ చూపు కంటే తడిగుడ్డే నయమనిపించి ఉంటుంది.

"మేస్త్రీ" అన్నాడు ప్రయర్, గొంతు తగ్గించి. "నువ్వు వెళ్లు."

ఈబెన్ వెళ్లలేదు. జేబులోంచి రంగు వదిలించే టర్పెంటైన్ గుడ్డ తీసి, మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. పైనున్న ఎర్రరంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. దాని కింద ఒక తెల్ల సున్నా తేలింది. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. కొత్త టోపీ కళ్ల మీదికి జారుతుంటే వెనక్కి తోసుకుంటూ రుద్దుతూనే పోయాడు. "నలభై ఒకటండీ" అన్నాడు తలెత్తకుండా. "రెండుసార్లు వేశాను. రెండోసారికి నాకు తెలుసు."

పెద్దాయన రెండు వైపులా రైళ్లు ఆపించాడు. ఆ మధ్యాహ్నమే పలకకు బిగించిన బోల్టులు కోశారు, ఉలులతో సిమెంటు కొట్టారు, దిమ్మలు లాగారు. ఆఖరి దిమ్మ ఊడగానే ఉక్కు ఒక్కసారి మూలిగి నాలుగు వేళ్లు ముందుకు జరిగింది. ఆ మూలుగు రెండు ఒడ్లకూ వినపడింది. షెడ్డులో డబ్బాలు కడుగుతున్న నినియన్‌కు వినపడలేదు. పక్కవాళ్ల తలలన్నీ ఒక్కసారే వంతెన వైపు తిరగడం చూశాడు. చేతిలో డబ్బా వదిలేసి పరుగెత్తాడు.

ఇక తర్వాత జరిగింది వినండి. కోపం రాకపోతే మీరు మనుషులు కారు.

ఊరి పత్రికలో పడింది: సూపరింటెండెంటుగారి చురుకైన తనిఖీలో వంతెన అతుకులో చిన్న లోపం బయటపడిందట, వెంటనే సరిచేశారట. గ్రిజెల్ పేరు లేదు, నినియన్ పేరు లేదు. అనుమతి లేకుండా వంతెన ఎక్కినందుకు గ్రిజెల్‌ను స్టేషన్ పనిలోంచి తీసేశారు. ఈబెన్‌ను మేస్త్రీ నుంచి మామూలు కూలీకి దించారు. ప్రయర్‌ను పెద్ద స్టేషనుకు పంపారు, పెద్ద జీతానికి. అక్కడి చూరుకు ఇనప పూలు పెట్టించాడని విన్నాం. చూరుకైతే ఊపిరి అక్కర్లేదు కాబట్టి సరిపోయింది.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఒక గుమాస్తా ఇంటికొచ్చాడు. నినియన్‌ను పాత పనికి రమ్మన్నారు. క్షమించమన్న మాట ఒక్కటీ లేదు. స్కేలు పడేసిన రోజు నవ్విన గుమాస్తాల్లో వీడూ ఒకడు.

"రాడని చెప్పు" అంది గ్రిజెల్ గుమ్మంలో నిలబడి. "చెవిటివాడు మోగింపు ఎలా వింటాడని మీరే కదా అన్నారు? ఇప్పుడు చెవులు మొలిచాయా ఆయనకు? మీ దొరనే వచ్చి వేళ్లు పెట్టి చూసుకోమను."

"అమ్మా, ఆ అతుకులోనే ఇంకా..."

"ఇంకా ఉంటే ఉండనీ! పొండి!"

వెనకనుంచి నినియన్ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. అతను కోటు వేసుకునే ఉన్నాడు. మెట్టు మీద కూర్చుని బూట్లకు తాడు బిగిస్తూ, వీధంతా వినపడేలా అరిచాడు. "నలభై ఒకటి ఎండ ముదరకముందు లెక్క. ఉక్కు జరిగాక ఎన్ని వదులయ్యాయో చూడాలి కదా. వేరేవాడికి ఆ వేళ్లు లేవే."

"సిగ్గులేదూ నీకు? ఆ గడప తొక్కుతావా?"

"గడప కాదే, వంతెన. దానికేం తెలుసు, ఎవడు తిట్టాడో ఎవడు నవ్వాడో?"

సుత్తి కోసం వెతుక్కున్నాడు. అది ఆమె బకెట్లోనే ఉంది. ఆమె తీసివ్వలేదు. అతనే వంగి తీసుకుని వెళ్లిపోయాడు.

గ్రిజెల్ అతనితో పదకొండు రోజులు మాట్లాడలేదు. చెవిటివాడితో మాట్లాడకపోవడం ఎలాగంటారేమో, చాలా కష్టం. నోరు మూసుకుంటే చాలదు. అతను పెదాలు చూస్తాడు కాబట్టి, తిట్టాలన్నా గోడకేసి తిరిగి తిట్టాలి. పొద్దున్నే జావ గిన్నె పెట్టి గోడకు తిరిగేది. ఆ గోడకు తగిలిన మాటలు ఇంకెవరికైనా తగిలి ఉంటే పడిపోయేవారు. అతను తింటూ, ఆమె వీపు ఊగడం చూస్తూ, ఎన్ని తిట్టిందో ఆ ఊపుని బట్టి లెక్కేసుకునేవాడు.

పన్నెండో రోజు అతను వచ్చి, రంగు అంటిన వేళ్లతో ఆమె చెయ్యి పట్టుకుని, అరచేతిలో వేలితో రాశాడు. ఆమెకు చదువు రాదు, అతనికి తెలుసు. అందుకే అంకె రాశాడు. ఆరు, పక్కన మూడు. అరవై మూడు.

"అరవై మూడా!" అంది, గోడ మరిచిపోయి, అతని మొహంలోకి చూస్తూ. "దొంగ వెధవలు! అరవై మూడు పెట్టుకుని ఆడవాళ్లను నడిపించారా దాని మీద? ఆ ప్రయర్ ఉండాల్సింది, ఆ అరవై మూడూ ఒక్కొక్కటీ..."

నినియన్ స్టూలు దగ్గరకు జరుపుకుని, ఆమె పెదాల వంక చూస్తూ కూర్చున్నాడు.